రూపాయి బిళ్ల తేల్చిన సెమీఫైనల్

*అడవి అంచు పల్లెలలో పిల్లల ఆటపోటీలు మరల జోరందుకొన్నవి. చివరి అంచెలో ఎవరు ఆడవలెను, పాయింట్లు సరిసమానమైనచో ఎట్లు తేల్చవలెను, తగవు వచ్చినచో ఎవరి మాట చెల్లవలెను అను ప్రశ్నలు మాత్రము ఫైనలు నాటి సాయంకాలము వరకు ఎవరికిని తట్టుట లేదు.*

కొన్నేండ్ల క్రిందటి మాట, సంక్రాంతి వెళ్ళిన మూడవనాటి సాయంకాలము. గోదావరి గట్టునకు కూతవేటు దూరమున, దుమ్ముగూడెము వైపు నున్న యొక చిన్న గ్రామమునందు, బడి వెనుకటి ఇప్పచెట్ల నీడలు కబడ్డీ కోర్టు మీదికి వాలుచుండగా, ప్రొద్దున సున్నముతో గీసిన గీతలు పిల్లల పాదముల క్రింద చెరిగి సగమే మిగిలియుండగా, చుట్టును మూడు వరుసలుగా మూగిన జనము ఊపిరి బిగబట్టి చూచుచుండిరి. పదునారేండ్ల లోపు బాలుర సెమీఫైనలు. చివరి కూతకు వెళ్ళిన బాలుడు ముట్టుకొని వచ్చి మధ్యగీత మీద పడెను. రిఫరీ ఈల ఊదెను. రెండు జట్లకును 31 పాయింట్లు.

ఒక జట్టు ఆ ఊరిదే. రెండవది గోదావరి ఆవలి యొడ్డు గూడెమునుండి తెల్లవారుజామున పడవ నెక్కి వచ్చినది. చీకటి పడిన పిమ్మట పడవ కదలదని పడవవాడు మధ్యాహ్నమే చెప్పిపోయినాడు. నిర్వాహకులు నలుగురును ఒకచోట చేరిరి. ఒకరు అదనపు ఆట ఆడింపుమనిరి. ఒకరు జట్టునకు ఐదేసి కూతలిమ్మనిరి. మూడవవారు మొదటి పాయింటు తెచ్చిన జట్టునే గెలిచినట్లు ప్రకటింపుమనిరి. నాలుగవ వారు జేబులోనుండి రూపాయి బిళ్ల తీసిరి. దిగిపోవుచున్న ప్రొద్దును, కట్టుకొయ్యకు కట్టియున్న పడవను తలచుకొని అందరును ఆ రూపాయికే తలలూపిరి. బిళ్ల పైకి లేచి, తిరిగి, దుమ్ములో పడెను. ఆవలి యొడ్డు పిల్లలు ఓడిరి.

ఆ జట్టు నాయకుడు, మోకాలి చర్మము లేచి నెత్తురు కారుచున్నను తుడుచుకొనక, స్కోరుపుస్తకము పట్టుకొని కూర్చున్న నా యొద్దకు వచ్చి, "ఓడితే ఓడినం సార్, అది ఆటే. కాని మమ్మల్ని వాళ్లు ఓడించలే గదా, రూపాయి ఓడించింది" అని, జవాబునకై కొంతసేపు నిలుచుండెను. నా యొద్ద జవాబు లేకపోయెను.

ఆ నలుగురిలో ఎవరును పక్షపాతి కారు. బహుమతి మేకపోతునకు తమ చేతి డబ్బు వేసికొన్నవారే. ప్రొద్దున తొమ్మిది గంటలకు, మొదటి మ్యాచికి ముందు, "టై అయితే ఏం చేద్దాం?" అని ఎవ్వరును అడుగకపోవుట ఒక్కటే జరిగిన లోపము. నేను కూడ అడుగలేదు. ఈ శీతకాలమున పోలీసువారు ఆదివాసి యువకులకు నడపుచున్న వాలీబాలు పోటీలు, పండుగ కబడ్డీ పోటీలు, బడుల మండల పోటీలు ఊరూర మాటలలో నానుచుండగా, నా మనస్సు పదే పదే ఆ రూపాయి బిళ్ల కడకే పోవుచున్నది.

ఒక నది, మూడు రాష్ట్రములు

భద్రాచలము చుట్టుపట్ల పిల్లల పోటీ నడపుట మైదానప్రాంతమున నడపుట వంటిది కాదు. పట్టణము తెలంగాణలో నున్నది. దాని వాకిట నున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో నున్నది. చింతూరు దాటి శబరి వెంట కొంత దూరము పోయినచో ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వచ్చును. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఖమ్మము జిల్లా మండలములు కొన్ని ఆవలి రాష్ట్రమున కలిసినప్పుడు, నిన్నటివరకు ఒకే జిల్లా జట్టులో భుజము భుజము కలిపి గొలుసు పట్టిన పిల్లలు, మరునాటినుండి వేర్వేరు రాష్ట్రముల ఆటగాండ్రయిరి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినప్పుడు మరియొక గీత పడెను. మేనమామ కొడుకు ఒక రాష్ట్రము, మేనత్త కొడుకు మరియొక రాష్ట్రము. పెండ్లిలో ఒకే పందిరి క్రింద కూర్చుండు వీరిరువురును ఒకే జట్టులో ఆడవచ్చునా?

ఊరి పోటీలో ఆడవచ్చును, ఆడుచున్నారు కూడ. బడి పోటీలలో ఏ బడి రిజిస్టరులో పేరున్నదో ఆ జిల్లాకే, ఆ రాష్ట్రమునకే ఆడవలెను. ఈ రెంటి నడుమ భేదము తెలియని పిల్లవాడు లీగు దశ యంతయు ఆడి, సెమీఫైనలు నాడు "వీడు మనవాడు కాడు" అను మాట విని బయటకు నడచుటను నేను చూచితిని. ఆ మాట అనదలచినచో మొదటి మ్యాచికి ముందే అనవలెను. లీగులో వాని కూతలకు వచ్చిన పాయింట్లు పట్టికలో నిలిచియుండగా, వానిని మాత్రము చివరి అంచెనుండి తొలగించుటకంటె పెద్ద అధర్మము ఆటస్థలమున మరియొకటి నాకు కనబడలేదు.

2005 తరువాత సాల్వాజుడుం కాలపు అలజడిలో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూరు ప్రాంతములనుండి తరలివచ్చి ఇచ్చటి అడవిలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయల పిల్లల చిక్కు మరింత లోతైనది. తెలంగాణలో వారికి కులధ్రువీకరణ పత్రము చిక్కదు. వలస కుటుంబములలో పుట్టుక పత్రము దొరకుటయు కష్టమే. ఊరి పోటీ నడపువారు చివరి అంచెకు పత్రములు కావలెనని హఠాత్తుగా నియమము పెట్టిరా, తొలుత రాలిపోవునది ఈ పిల్లలే. జట్టుతోపాటు కనీసము రెండు లీగు మ్యాచులాడినవాడు చివరి అంచెకును అర్హుడే యను నియమము మేలు. పెద్ద పోటీలలో బయటి మెరికలను సెమీఫైనలునకు దింపు దొంగదారిని మూయుటకై కనీసపు మ్యాచుల నియమము పెట్టుదురు. ఈ అడవిలో ఆ నియమమే పత్రము లేని పిల్లవానికి పత్రమగును.

వరద లెక్కన పుట్టినవారు

పాఠశాల క్రీడాసమాఖ్య పోటీలకు 14, 17, 19 ఏండ్ల లోపు అని మూడు తరగతులు. కబడ్డీ సమాఖ్య పోటీలలో పిల్లల తరగతులకు వయస్సుతోపాటు బరువు కూడ చూతురు. నియమము సుబోధమే, పుట్టినరోజు తెలిసిన పిల్లలకు.

ఒక తల్లిని కొడుకు పుట్టిన తేదీ అడిగినప్పుడు ఆమె వ్రేళ్ళు ముడువలేదు, గోదావరి వైపు చూచినది. "మధ్యల వచ్చిన పెద్ద వరదకు కడుపుల ఉన్నడు సారూ. గుట్ట మీదికి ఎక్కినం. నీళ్లు తీసినంక పుట్టిండు" అన్నది. 1986 ఆగస్టులో భద్రాచలము కడ 75.6 అడుగులకు లేచినది ఇచ్చటివారికి మొదటి పెద్ద వరద. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది కడపటిది. ఆమె చెప్పిన నడిమి వరద 2006 ఆగస్టుది. ఆమె సాక్ష్యము జిల్లా కచేరీ కాగితముకంటె కచ్చితమైనది. కాని బడి రిజిస్టరులో ఆ పిల్లవానికి జూన్ నెల తేదీ యొకటి కనబడినది. చేరిననాడు మాస్టరుగారు చేరుటకు తగిన వయస్సు వచ్చునట్లు వ్రాసికొన్న తేదీ అది. అట్టి జూన్ పుట్టుకలు మన రిజిస్టర్లలో ఎన్నియో కలవు.

క్రికెట్టు పెద్దలు మణికట్టు ఎముకల ఎక్స్‌రే తీసి వయస్సు అంచనా కట్టుదురు. ఎక్స్‌రేకు కొత్తగూడెమో భద్రాచలమో పోవలసిన గూడెమునకు ఆ దారి పనికిరాదు. ఊరి పోటీకి నేను కోరునది ఇంతే: రిజిస్టరు తేదీని అందరి యెడల ఒకే తీరుగ నమ్ముట, లేదా తల్లి మాటను అందరి యెడల ఒకే తీరుగ నమ్ముట, అభ్యంతరమున్నచో లీగు మొదటి దినము సాయంకాలములోగా వ్రాతమూలకముగ చెప్పించుట. ఓడిపోయిన పిదప ప్రత్యర్థి మీసముల నూగు చూచి వయస్సు అడుగు అలవాటు అప్పుడు గాని పోదు.

చీట్లు, బైలు, ప్రొద్దు

కొందరికి లీగు, నాకౌటు అను భేదము వట్టి అంకగణితముగ తోచును. ఒక్క కోర్టు, దీపములు లేని మైదానము గల పల్లెలో ఆ అంకగణితమే న్యాయము. సబ్‌జూనియరు కబడ్డీ మ్యాచి 15 నిమిషముల చొప్పున రెండు భాగములు, నడుమ ఐదు నిమిషములు. గీతలు తిరిగి గీయుటకును, నీళ్ళు త్రాగుటకును పది నిమిషములు కలిపినచో మ్యాచికి ముప్పాతిక గంట. ప్రొద్దున ఎనిమిదినుండి సాయంకాలము ఆరు వరకు ఎవరును అన్నము తినకున్నను 13 మ్యాచులు మించి సాగవు. ఆరు జట్లు ఒకదానితో నొకటి ఆడినచో 15 మ్యాచులగును. అందుచేతనే తెలిసిన పీఈటీలు జట్లను రెండు గుంపులు చేసి, మూడేసి జట్ల లీగు ఆడించి, గుంపులో పైవారిద్దరిని సెమీఫైనలునకు తెత్తురు. ఆరు లీగు మ్యాచులు, రెండు సెమీలు, ఒక ఫైనలు: తొమ్మిదితో ముగిసి, చీకటికి ముందే మేకపోతు ఇల్లు చేరును.

> పెట్టె: బై ఎవరికి?
> నాకౌటులో ఎన్ని జట్లున్నవో అంతకు ఒకటి తక్కువ మ్యాచులు చాలును. ప్రతి మ్యాచిలో ఒక జట్టు ఇంటికి పోవును గదా. జట్ల సంఖ్య 4, 8, 16 కానప్పుడు కొందరు మొదటి అంచె ఆడకయే ముందుకు పోదురు. అదే బై. 11 జట్లున్నచో 16లో 11 పోగా ఐదు బైలు. బై వచ్చిన జట్టు అలసట లేక దిగును. కనుక చీటీలు అందరి యెదుట, ఆడని చిన్నపిల్ల చేత తీయింపవలెను. నిర్వాహకుల ఊరి జట్టునకు బై వచ్చినచో, అది న్యాయముగ వచ్చినను, చీటీ తీసినది చూడనివారు నమ్మరు.

లీగులో పైన నిలిచినవానికి చివరి అంచెలో ఏదైన మేలు దక్కవలెనా అనునది పాత ప్రశ్న. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఫుట్‌బాల్ లీగువారు 1931లో పర్సీ పేజ్ అను క్లబ్బు కార్యదర్శి సూచించిన పద్ధతిని తెచ్చికొని, మొదటి రెండు స్థానముల జట్లకు ఒకసారి ఓడినను రెండవ అవకాశమిచ్చిరి. 2011 నుండి మన ఐపీఎల్ చివరి అంచె నడచుచున్నది ఆ దారినే. 2019 నాటి ప్రొ కబడ్డీ ఏడవ సీజనులో ఆరు జట్లు చివరి అంచెకు రాగా, మొదటి రెండును నేరుగ సెమీఫైనలునకు పోయినవి. తక్కిన నాలుగు ఎలిమినేటరు ఆడినవి. మన పల్లెలలో రెండవ అవకాశమునకు ప్రొద్దు చాలదు. లీగులో మొదటివాడు రెండవ గుంపులోని రెండవవానితో ఆడవలెనను చిన్న మేలైనను దక్కవలెను. లేనిచో లీగు చివరి మ్యాచిలో ఇష్టమైన ప్రత్యర్థికై కావలెనని ఓడు జట్లు పుట్టును.

సరిసమానమైనప్పుడు

కబడ్డీకి ఈ విషయమున చక్కని సంప్రదాయమున్నది. నాకౌటు మ్యాచి టై అయినచో ఇరుజట్లును ఏడేసిమందిని నిలిపి ఐదేసి కూతలు కూయవలెను. ఐదుగురును వేర్వేరు కూతగాండ్రే కావలెను. అప్పటికిని తేలనిచో గోల్డెన్ రెయిడ్ అను తేల్చు కూత. రూపాయి బిళ్లకు అక్కడ గూడ చోటున్నది గాని, ఆ కూతకు ఎవరు వెళ్ళవలెనో నిర్ణయించుటకే, గెలుపు నిర్ణయించుటకు కాదు. ఆ సాయంకాలము పది కూతలకు పట్టెడు కాలము పది నిమిషములు లేదు. పడవ ఆగియే యుండెడిది.

హాకీలో ఈ తూనిక ఇంకను సూక్ష్మము. 2023 జనవరి ప్రపంచకప్పులో భారత జట్టు గుంపు దశలో ఒక్క మ్యాచియు ఓడలేదు. రూర్కెలాలో స్పెయిన్‌ను 2-0తో గెలిచి, ఇంగ్లండ్‌తో 0-0గా ముగించి, భువనేశ్వరములో వేల్సును 4-2తో గెలిచెను. ఇంగ్లండునకును ఏడు పాయింట్లే. కాని వారు కొట్టిన గోల్సునుండి తిన్న గోల్సు తీసివేయగా మిగిలినది 9, మనకు మిగిలినది 4. వారు నేరుగ క్వార్టరుఫైనలునకు పోయిరి. మనవారు ఒక మెట్టు క్రింద క్రాసోవరు ఆడవలసివచ్చెను. జనవరి 22న న్యూజిలాండుతో 3-3గా నిలిచి, షూటౌటులో 4-5తో ఓడి, క్వార్టరుఫైనలు చేరలేకపోయిరి. గుండె పగిలినది, నిజమే, కాని "నియమమెప్పుడు మార్చితిరి?" అని ఒక్కరును అడుగలేదు. వేల్సును ఎనిమిది గోల్స్ తేడాతో గెలువవలెనని మనవారికి ముందే తెలియును. ఆవలి యొడ్డు బాలునికి దక్కనిది ఆ తెలియుటయే.

> పెట్టె: ఎనిమిది సెకన్లు
> హాకీ షూటౌటులో జట్టునకు ఐదుగురు. ఒక్కొక్కరు 23 మీటర్ల గీతనుండి బంతి నడిపికొని వచ్చి ఎనిమిది సెకన్లలో గోలీని దాటి గోలు కొట్టవలెను. ఐదింటికి తేలకున్న ఒక్కొక్కటిగా సాగును. పచ్చ కార్డు చూపిన రెండు నిమిషములు, పసుపు కార్డు చూపిన కనీసము ఐదు నిమిషములు బయట కూర్చుండవలెను. ఎఱ్ఱ కార్డు వచ్చిన ఆ మ్యాచిలోనికి తిరిగి రాకూడదు.

గడియారము నొక్కనివాడు

నియమమున్నంత మాత్రమున చాలదని చెప్పుటకు 2022 ఆగస్టు 5వ తేదీ చాలును. బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడల మహిళల హాకీ సెమీఫైనలు, ఆస్ట్రేలియాతో 1-1. షూటౌటులో వారి తొలి ప్రయత్నమును మన కెప్టెను, గోలీ సవిత అడ్డుకొన్నది. అంతలో అధికారులు, గడియారము మొదలు కాలేదు, మరల కొట్టవలెననిరి. రెండవసారి గోలయ్యెను. మనవారు 0-3తో ఓడిరి. అంతర్జాతీయ హాకీ సమాఖ్య పిదప క్షమాపణ చెప్పినది, ఫలితము మారలేదు.

ఆ జట్టులో రెండవ గోలీగా మన తెలుగు బిడ్డ ఎతిమరపు రజని ఉన్నది. చిత్తూరు సీమలో యర్రావారిపాలెము మండలపు పల్లె వడ్రంగి కూతురు. 2016లో రియో ఒలింపిక్సుకు పోయినది. అదే జట్టులో ఝార్ఖండులోని సిమ్‌డెగా ఆదివాసి పిల్ల సలీమా టేటే ఉన్నది. సిమ్‌డెగా, ఒడిశాలోని సుందర్‌గఢ్ పల్లెలలో హాకీ పోటీలకు బహుమతి ఖస్సీ, అనగా మేకపోతు. మన దుమ్ముగూడెము కబడ్డీకి ఉన్నట్లే. వెదురు కఱ్ఱతో మొదలైన పిల్లలు జాతీయ జట్టు చేరిన నేల అది. అంతటి దూరము నడచివచ్చిన పిల్లలను గడియారము నొక్కవలసిన వ్రేలొకటి చిన్నబుచ్చెను. ఆ తరువాతి మ్యాచిలో వారు న్యూజిలాండును షూటౌటులోనే గెలిచి కాంస్యము తెచ్చిరి. అది వారి గుండెబలము.

మన ఊరి పోటీలో గడియారము ఎవరి చేతిలోనున్నదో చూచితిరా? తరచుగా సెల్లుఫోనున్న ఏ పిల్లవాని చేతిలోనో ఉండును. నడుమ ఎవరో ఫోను చేసినచో ఆట ఎన్ని నిమిషములైనదో దేవునికే తెలియును. చివరి అంచెకైనను కాలము చూచుటకొకరు, స్కోరు వ్రాయుటకొకరు, ఇరువురును ఆడు ఊళ్ళవారు కానివారు కావలెను. నేను స్కోరు వ్రాసిన ఆ దినమున కాలము చూచిన వాడెవడో నాకు నేటికిని గుర్తులేదు.

కార్డు వెంట వచ్చును

సుందర్‌గఢ్ మాట వచ్చినది కనుక అమిత్ రోహిదాస్ మాట చెప్పకుండ ఉండలేను. 2023లో రూర్కెలా జనము యెదుట స్పెయిన్‌పై తొలి గోలు కొట్టిన ఆ జిల్లా బిడ్డడే, 2024 ఆగస్టు 4న పారిసు ఒలింపిక్సు క్వార్టరుఫైనలులో 17వ నిమిషమున ఎఱ్ఱ కార్డు చూచి బయటకు నడచెను. కఱ్ఱ బ్రిటను ఆటగాని మొగమునకు తగిలినది. కావలెనని కాదని మనవారు, అయినను ప్రమాదమేనని అధికారులు. తక్కిన పదిమందియు 1-1గా నిలిపి షూటౌటులో 4-2తో గెలిచిరి. కాని కార్డు ఆ మ్యాచితో పోలేదు. ఒక మ్యాచి నిషేధము పడెను, అప్పీలు చెల్లలేదు, రోహిదాసు లేని సెమీఫైనలులో జర్మనీ 3-2తో గెలిచెను.

పిల్లల పోటీలో శిక్ష మరుసటి మ్యాచికి వెంబడింపవలెనా? కొట్టినవానికి వెంబడింపవలెను, నోరు జారినవానిని కొంతసేపు కోర్టు వెలుపల కూర్చుండబెట్టిన చాలును. తండ్రులు, శిక్షకులు రిఫరీ మీదికి పోయిన పాపమును మాత్రము పిల్లల ఖాతాలో వ్రాయరాదు. గీత దాటి వచ్చిన పెద్దవానినే మైదానమునుండి పంపవలెను.

పొంగిన వాగు, రాని ఆటో

ఆడపిల్లల జట్లు ఆటలో ఓడుటకంటె దారిలో ఓడుట ఎక్కువ. వాగు పొంగెను, ఆటో రాలేదు, తోడు రావలసిన టీచరమ్మకు జ్వరము వచ్చెను, కోర్టులో ఇరువైపుల జట్లు నిలువవలసిన వేళకు ఒక వైపు ఖాళీ. రిఫరీ ఈల ఊది వాకోవరు ఇచ్చును. పట్టణపు నియమము పావుగంట ఆగుమనును. చర్ల, వెంకటాపురము దారులలో పావుగంటకు అర్థము లేదు. మ్యాచుల క్రమము మార్చి ఆ జట్టును చివరికి జరుపుటకు అవకాశముండవలెను. ముందురోజే దూరపు జట్లను బడిలో పడుకొనబెట్టి అన్నము పెట్టవలెను. ఒకే దినమున రెండు మ్యాచులాడిన జట్టును గంట విశ్రాంతియైన లేక ఫైనలునకు దింపరాదు. మధ్యాహ్నము ఏమి తినిరో అడిగి చూడుడు, సగముమంది బిస్కట్టు పొట్లముతో గడపియుందురు.

శబరి ఆవల 2024లో మొదలైన బస్తరు ఒలింపిక్సులో తొలియేడే 1,65,000 మందికి పైగ పేర్లిచ్చిరి. కబడ్డీ, విలువిద్య, వాలీబాలుతోపాటు హాకీ కూడ ఉన్నది. పోటీ బ్లాకునుండి జిల్లాకు, జిల్లానుండి జగదల్‌పూరులో డివిజను స్థాయికి మెట్లుగ సాగును. తుపాకి చప్పుడు వినుచు పెరిగిన కుంట పిల్లవానికి, మైదానపు అంచున నిలిచి తన పేరు పిలుచుటకై ఎదురుచూచుట యెంత పెద్ద సంగతియో ఊహింపవచ్చును. వాని పేరు ఏ కారణమున పిలువలేదో వానికి అర్థమగు భాషలో చెప్పుట అంతకంటె పెద్ద సంగతి.

పన్నెండు వాక్యములు

రూపాయి బిళ్ల ఎగిరిన రెండేండ్లకు నేను మరల ఆ ఊరు పోయితిని. ఈసారి గోడకు ఒక అట్ట వ్రేలాడుచున్నది. దాని మీద స్కెచ్చుపెన్నుతో పన్నెండు వాక్యములు. ఎవరు అర్హులు, చీటీలెప్పుడు తీయుదురు, పాయింట్లు సమానమైన ముందు దేనిని చూతురు, ప్రొటెస్టు ఎంతలోపల ఎవరికీయవలెను. పీఈటీగారు తెలుగులో చదువగా, ఊరి పటేలు కోయలో చెప్పుచుండెను. ఆవలి యొడ్డు జట్టుతో నాటి నాయకుడు వచ్చియున్నాడు. ఇప్పుడు వయస్సు మీరినది. తమ్ముని ఆడించుటకు వచ్చినాడట.

పీఈటీగారు ఆరవ వాక్యము కడ ఆగి, "టై అయితే?" అనిరి. కూర్చున్న పిల్లలందరును "ఐదు కూతలు!" అని అరచిరి. నాటి నాయకుడు అరవలేదు. పన్నెండును వినుదాక ఊరకుండి, లేచి, అట్ట దగ్గరకు పోయి, "సార్, పడవ సంగతి రాయలే" అన్నాడు. పీఈటీగారు జేబు తడుముకొని పెన్ను వానికే ఇచ్చిరి. వాడు గోడకు ఆనించి, వంకరటింకర అక్షరములతో పదమూడవ వాక్యము వ్రాసెను: ఫైనల్ నాలుగున్నరకే పెట్టాలె.